నల్లేరు : మెట్ట తోటకు తగిన తీగ

ఏ పనియైనా అవలీలగా సాగిపోతే ‘నల్లేరు మీద బండి నడక’ అంటాము. ఈ నానుడి వినని తెలుగువారు అరుదు. కాని నల్లేరును కన్నులారా చూచిన విద్యార్థులు నేడు ఎందరున్నారు? పల్లెలలో ముళ్లకంచెల మీద అల్లుకొని ఉండే ఈ తీగ, కంచెల స్థానంలో సిమెంటు గోడలు లేచిన కొలదీ కనుమరుగవుతున్నది. మాట మిగిలి మొక్క పోవడం భాషకూ నష్టమే, నేలకూ నష్టమే.

నల్లేరు ద్రాక్ష కుటుంబానికి చెందినది. వృక్షశాస్త్రంలో దీని పేరు సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్. 1767లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులోని రెండవ పదం దాని నాలుగు పలకల కాడను తెలుపుతుంది. సంస్కృతంలో ఇది వజ్రవల్లి. ఉర్దూలో హడ్‌జోడ్, అనగా ఎముకలను అతికించునది. హైదరాబాదు తోటలకు పేరు తెచ్చిన అనాబె షాహీ ద్రాక్షకు పందిరి, ఎరువు, క్రమమైన తడి కావాలి. దాని దాయాది అయిన నల్లేరుకు అవేవీ అక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో సైతం అది బ్రతుకుతుంది.

ఈ ఓర్పుకు కారణం దాని శరీర నిర్మాణమే. రసభరితమైన కాడ నీటిని నిలువ చేస్తుంది. కరవు కాలంలో ఆకులు రాలిపోయినా ఆకుపచ్చని కాడయే ఆహారం తయారు చేసుకొంటుంది. సాధారణ మొక్కలు పగటివేళ రంధ్రాలు తెరచి గాలిని గ్రహిస్తూ, ఆ దారినే నీటిని కోల్పోతాయి. నల్లేరు కాడ చల్లని రాత్రివేళ రంధ్రాలు తెరచి, గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్ల రూపంలో దాచుకొని, పగలు రంధ్రాలు మూసికొని వాడుకొంటుంది.

దీనిని పెంచడం కష్టం కాదు. తొలకరి నాటికి రెండు మూడు కణుపులు గల ముదురు కాడలను కోసి, కోత గాయం ఆరేవరకు రెండు రోజులు నీడన ఉంచాలి. ఒక కణుపు మట్టిలోనికి పోవునట్లు, రెండడుగుల ఎడంతో నాటాలి. ఎర్రచలక, ఇసుక, గులకరాళ్లు కలిసిన నేల అనుకూలం. నీరు నిలిచే చోట కాడ కుళ్లిపోతుంది. వేరూనే వరకు వారానికొక తడి చాలును. కణుపుల వద్ద పుట్టే నులితీగలు తీగెల కంచెను తామే పట్టుకొంటాయి. లేత మొక్కల ప్రక్కన మాత్రం నాటరాదు. దాని బరువుకు అవి అణగిపోతాయి.

లేత కాడలతో మన ఇండ్లలో పచ్చడి చేస్తారు. కాడలో సూదుల వంటి కాల్షియం ఆక్జలేటు స్ఫటికాలున్నందున చేతులకు నూనె రాచుకొని ఈనెలు తీయాలి. నూనెలో బాగా వేయించి చింతపండు చేర్చాలి. పచ్చిగా తింటే నోరు, గొంతు దురద పెడతాయి. ఎముక విరిగినప్పుడు కట్టు వేయించుకొనవలసినది మాత్రం వైద్యుని చేతనే.

మన కళాశాల కమిటీవారికి ఒక మనవి. వేసవిలో త్రాగునీటికే కటకటపడే ప్రాంతాలలో పచ్చిక బయళ్లకు నీరు పోయడం మనకు తగిన అలంకారం కాదు. ఆవరణలో ఎండకు ఏమీ నిలువని ఒక మూల తీగెల కంచె వేసి నల్లేరు నాటిస్తే, పిడికెడు ఖర్చుతో పచ్చదనం లభిస్తుంది. వృక్షశాస్త్ర విద్యార్థులకు అది ప్రయోగశాల కూడ అవుతుంది. తెల్లవారుజామున కోసిన కాడ రసాన్ని, సాయంత్రం కోసిన దానిని క్షార ద్రావణంతో పరీక్షిస్తే, ఉదయపు రసంలోనే ఆమ్లం అధికమని వారే తెలిసికొంటారు. తెలుగు తరగతిలో ఆ నానుడిని బోధించేవారు సైతం కిటికీలో నుండి వ్రేలు చూపి, ఇదే నల్లేరు అని చెప్పగలుగుతారు.