పాత చింతకాయ

"పాత చింతకాయ పచ్చడి" అనుట మన తెలుగువారిలో ఒక ఎత్తిపొడుపు. కాలము చెల్లిన మాటను, పసలేని ఊహను ఆ పేరుతో త్రోసివేయుదుము. అట్లనువారు పాత జాడీ వాసెన ఎన్నడైనను విప్పి చూచిరో లేదో!

ఫ్రాన్సు దేశమున ద్రాక్షాసవమును నేలమాళిగలలో ఏండ్ల తరబడి దాచి, శుభదినమున సీసా మూత తీయుదురు. మన యిండ్లలో ఆ గౌరవము చింతకాయకు దక్కినది. ఈ రెంటికిని చుట్టరికము కూడ కలదు. రెంటి పులుపునకును ముఖ్యకారణము టార్టారికామ్లమే. స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1769లో దానిని వేరుచేసినది ఆసవపు పీపాలలో గారవలె పేరుకొను మడ్డి నుండియే.

మార్గశిర, పుష్యమాసములలో ముదిరిన పచ్చికాయను ఉప్పు, పసుపు చేర్చి రోటిలో దంచుదురు. మూడవనాడు ఈనెలు, పిక్కలు ఏరి, మరల దంచి, జాడీకెత్తి వాసెన కట్టుదురు. ఉప్పును పులుపును కలిసి క్రిములను పెరుగనీయవు. ఆకుపచ్చ క్రమముగా నలుపెక్కును. అయితే ఒక్క తడి గరిటె తగిలినచో అంతటి నిలువయు బూజు పట్టును. ఆసవమైనను అంతే, మూత సడలి గాలి సోకినచో చెడిపోవును. వయస్సు దానంతటది గొప్ప కాదు. కాపాడిన చేయి గొప్ప.

పంజగుట్టలోని మా మేడమీది యింటికి నేలమాళిగ లేదు, ఉగ్రాణమును లేదు. వంటింటి అటకపై ఒక జాడీ ఉండెడిది. అది మా అమ్మ దంచిన కడపటి చింతకాయ. ఆమె పోయిన పిదప ఆరేండ్లు దానిని ఎవరిని తాకనీయలేదు. తెరచినచో తరుగును, తరిగినచో మరల నింపుటకు ఆ చేయి లేదు.

మొన్న, అమీర్‌పేట వసతిగృహమున ఉండి కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్న మా ఊరి కుర్రవాడు, జ్వరము తగ్గి మా యింటికి వచ్చెను. ఏమి పెట్టినను నోటికి సయింపలేదు. నా భార్య నా వంక చూచి, "అత్తయ్యగారే ఉంటే ఏం చేసేవారండీ?" అని అడిగెను.

జాడీ దించితిని. వాసెన ముడి అమ్మ వేసినదే. విప్పుటకు కొంతసేపు చేతులాడలేదు. లోన కాటుక వంటి నలుపు, బూజు లేదు. పొడిగరిటెతో ఇంత తీసి, ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ వేయించి నూరి, వేడి అన్నముతో పెట్టితిమి. కుర్రవాడు మారు అడిగి తినెను.

"ఎన్నాళ్ళ కిందటిదండీ ఇది?"

"మా అమ్మ ఉన్ననాటిది, నాయనా."

జాడీలో ఇంకను సగమున్నది. వచ్చు పుష్యమున క్రొత్తకాయ దంచుటకు తానును వత్తునని చెప్పి, అతడు మెట్రో రైలెక్కెను.