మీకు తెలుసా? మెట్లన్నీ ఒకే ఎత్తులో రావడం వెనక రెండు ఇత్తడి బిళ్లలు!

అమెరికాలో చెక్క ఇళ్లు కట్టే వడ్రంగులు ప్రతి మెట్టునూ విడిగా కొలవరు. మూలమట్టానికి రెండు చిన్న ఇత్తడి బిళ్లలు తగిలిస్తారు: ఒకటి మెట్టు ఎత్తు దగ్గర, మరొకటి మెట్టు వెడల్పు దగ్గర. బిళ్లలకున్న మర బిగించాక కొలత కదలదు. మెట్లను మోసే ఏటవాలు దూలం అంచున మూలమట్టాన్ని జరుపుతూ గీస్తే మెట్లన్నీ ఒకేలా వస్తాయి. మరో ఇంటికి వెళ్తే మర వదులు చేసి కొత్త కొలతకు జరుపుకుంటారు.

ఇంత కచ్చితత్వం ఎందుకంటే, రెండు మెట్లు ఎక్కగానే పాదం ఆ ఎత్తుకు అలవాటుపడుతుంది. తర్వాతి మెట్టు కాస్త తేడాగా ఉన్నా తూలిపడొచ్చు. అందుకే అక్కడి నివాస గృహాల నమూనా నియమావళి ఒకే వరుసలోని మెట్ల ఎత్తుల మధ్య 9.5 మిల్లీమీటర్లకు మించిన తేడాను అనుమతించదు.