గుండెజబ్బు గల పసిబిడ్డ – తల్లిపాలు



పుట్టిన బిడ్డ నాలుగు గుక్కలు త్రాగి యలసిపోవును. నుదుట చెమట పట్టును. రొప్పుచు చన్ను విడిచి నిద్రపోవును. నెల తిరిగినను తూకము పెరుగదు. అప్పుడింటివారందఱును తల్లి వంక చూచి, “నీ పాలు పలుచన, వానిలో బలము లేదు, డబ్బాపాలు పట్టు” మందురు. నిజమునకు దోషము పాలలో లేదు. బిడ్డ గుండెలో నుండవచ్చును.

నూరుగురు శిశువులలో నించుమించుగ నొక్కరు గుండెలోపముతో జనించుచున్నారు. కొందఱికి గుండెగదుల నడిమి గోడలో రంధ్రముండును. కొందఱికి రక్తనాళ మిఱుకుగ నుండును. ఇట్టి బిడ్డకు పాలు గుడుచుట మెట్లెక్కుటవంటి శ్రమ. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట, ఈ మూడును కుదురుకొనవు. త్రాగినది స్వల్పము, గుండె వ్యయపఱచు శక్తి యధికము. తూకము పెరుగమికి కారణమిదియే.

సీసాతో పట్టిన శ్రమ తగ్గునని పలువురి తలంపు. కాని చన్ను గుడుచు బిడ్డ తన యోపిక ననుసరించి యాగుచు త్రాగును; సీసాపాలు బిడ్డ కోరినను కోరకున్నను కాఱుచుండును. చన్ను గుడుచునపుడు రక్తములోని ప్రాణవాయువు సీసాతో త్రాగునప్పటికంటె నిలుకడగ నుండెనని 1995లో వెలువడిన యొక చిన్న పరిశోధనలో తేలినది. అదిగాక తల్లిపాలు జలుబు, విరేచనములు మున్నగువానినుండి కాపాడును. ఊపిరితిత్తుల జబ్బొకటి సోకిన నిట్టి బిడ్డకు ప్రాణాపాయమే కలుగవచ్చును. శస్త్రచికిత్స వాయిదా పడవచ్చును.

“అడుగనిదే అమ్మయైనను పెట్టదు” అను సామెతను ఈ బిడ్డ విషయమున విడిచిపెట్టవలెను. అడుగుటకైన నోపిక లేని బిడ్డ యిది. ఏడ్చువఱకు వేచియుండక, రెండుగంటల కొకమారు కొంచెము కొంచెముగ నీయవలెను. తల యెత్తుగ నుండునట్లు ఒడిలో నిలువుగ పట్టుకొనుట మేలు. అలసినపుడు విశ్రాంతి నిచ్చి మరల పట్టవలెను. అరగంట దాటినను బిడ్డ యింకను ప్రయాసపడుచుండిన నాపి, మిగిలినది పిండి యుగ్గుగిన్నెతో పట్టవచ్చునేమో వైద్యుని యడుగవలెను. కొందఱికి ముక్కుగొట్టముద్వారా పాలు పోయవలసివచ్చును. ఆ పాలును తల్లిపాలే కావచ్చును. కొందఱికి పాలలో బలవర్ధకము కలుపుమని వైద్యులు చెప్పుదురు. ఇది తల్లి కపజయము కాదు.

బిడ్డ యాసుపత్రిలో నుండి చన్ను గుడువలేనపుడు పగలు రేయి కలిపి ఎనిమిదిమార్లు పాలు పిండుచుండవలెను. రాత్రి యొకమారైనను తప్పరాదు. లేనిచో పాలు వెనుకంజ వేయును. శస్త్రచికిత్స తరువాత నొక్కొక్కప్పుడు కొన్ని వారములు క్రొవ్వులేని పాలే పట్టవలసివచ్చును. అప్పుడును పిండుట మానని తల్లికి మరల చన్నిచ్చు నవకాశము నిలిచియుండును.

ఇంత పని యొక్కతె చేయగలదా? రెండుగంటల కొకమారు పాలిచ్చు స్త్రీ వంటయు వడ్డనయు నెట్లు చేయును? అత్తగారు వంటయిల్లు చూచుకొనవలెను. ఆడుబిడ్డ పెద్దపిల్లల నెత్తుకొనవలెను. భర్త రాత్రివేళ బిడ్డను భుజమున వేసికొని త్రేన్పు తెప్పించి, ఆమెను రెండుగంటలైన నిద్రింపనీయవలెను. ఆమెకు వేళకు కడుపునిండ నన్నము, త్రాగ నీరు చేతికందవలెను. అన్నిటికంటె ముఖ్యముగ “నీ పాలు మంచివి కావు” అను మాట యా యింట వినబడరాదు.

వారమున కొకమారు బిడ్డను తూచి వ్రాసి యుంచవలెను. పెదవులు నీలిబడిన, నిమిషమునకు అరువదికి మించి ఊపిరి తీసిన, పాలు ముట్టకున్న, మూత్రము తగ్గిన వెంటనే యాసుపత్రికి గొనిపోవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పిల్లల గుండెలోపములు కనిపెట్టుటయు, ఉచితచికిత్సకు పంపుటయు నున్నవి. ఖర్చునకు జంకి యాలస్యము చేయవలదు.

శస్త్రవైద్యుడు చికిత్స చేయువఱకు బిడ్డకు బలము కూర్చువారు తల్లియు, ఆ తల్లికి బలము కూర్చు నింటివారును. మన యిరుగుపొరుగున నిట్టి తల్లి యున్నయెడల నామె పాలను గుఱించి తీర్పు చెప్పక, ఒకపూట యామె యింటికి కూరయన్నము పంపుదము.