పనిలేని బ్రేకు

కారును ఆపటానికి బ్రేకు వుంటుందని మీ అందరికీ తెలుసు. కాని ఆగివున్న కారును బ్రేకే కదలనివ్వకుండా పట్టుకోవటం ఎప్పుడైనా విన్నారా? అదీ కొత్త ఎలక్ట్రిక్ కారును! ఈ వింత ఎలా జరుగుతుందో చూద్దాం.

ఆంధ్రదేశపు దక్షిణపు కొసన, నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ దొరవారిసత్రం అనే వూరున్నది. ఇది వెనక నెల్లూరు జిల్లాలో వుండేది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. ఈ మండలంలోనే నేలపట్టు చెరువున్నది. అక్కడి చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. తూర్పున పులికాటు సరస్సు, దాని ఆవల సముద్రం. సరస్సు నీరు ఉప్పన. ఆ మీదుగా వచ్చే గాలిలో కూడా ఉప్పు వుంటుంది. పైగా పక్షులు రావటం మొదలయ్యే రోజులే ఇక్కడ వానరోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు కురుస్తాయి. తుఫానులు వచ్చేదీ అప్పుడే.

ఒక కుటుంబం ఈ పక్షులను చూద్దామని చెన్నై నుంచి ఎలక్ట్రిక్ కారులో వచ్చి, చుట్టాలింట దిగిందనుకోండి. కారును ఆరుబయట నిలిపి హాండ్ బ్రేకు వేశారు. ఆ రాత్రే ముసురు పట్టింది. మూడు రోజులు ఎవరూ కారు తీయలేదు. నాలుగోనాడు బయలుదేరబోతే కారు కదలదు! వెనక చక్రాలను ఎవరో గట్టిగా పట్టుకున్నట్టున్నది. కొంతసేపటికి "టక్కు"మని చప్పుడై చక్రాలు విడివడ్డాయి. ఆ పట్టుకున్నది ఎవరు? తుప్పు!

కారు చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం ఒకటి వుంటుంది. దాన్ని డిస్కు అంటారు. దానికి అటూ ఇటూ ప్యాడ్లు అనే బిళ్ళలు వుంటాయి. బ్రేకు తొక్కగానే ఈ బిళ్ళలు పళ్ళేన్ని రెండువైపుల నుంచీ అదిమి పట్టుకుంటాయి. రాపిడి వల్ల చక్రం నెమ్మదించి ఆగుతుంది. ఆ రాపిడికి పుట్టే వేడిని తట్టుకోవాలి గనక పళ్ళేన్ని పోత ఇనుముతో చేస్తారు. తుప్పు పట్టకుండా దానికి రంగు వేయవచ్చుగదా అంటారేమో! బిళ్ళలు రాసుకునే చోట రంగు ఎంతోసేపు నిలవదు. అందుచేత అక్కడ ఇనుము బోసిగానే వుంటుంది.

ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కూడా చేరితే మరింత వేగంగా పడుతుంది. ఇది మీరే చూడవచ్చు. పూత లేని ఇనుప మేకులు మూడు తీసుకోండి. ఒకదాన్ని పొడి గుడ్డలో, రెండోదాన్ని మంచినీటితో తడిపిన గుడ్డలో, మూడోదాన్ని ఉప్పునీటితో తడిపిన గుడ్డలో చుట్టండి. గుడ్డలు ఆరిపోకుండా తడుపుతూ, రెండు మూడు రోజుల తరవాత విప్పి చూడండి. ఏది ఎక్కువ ఎర్రబడిందో మీకే తెలుస్తుంది. బిళ్ళకూ పళ్ళేనికీ మధ్య తడి నిలిచినప్పుడు జరిగేదీ ఇదే. తుప్పు ఆ రెంటినీ జిగురులాగా అతికిస్తుంది.

మరి పెట్రోలు కారుకు తుప్పు పట్టదా? పడుతుంది. కాని అది రోడ్డెక్కితే మాటిమాటికీ బ్రేకు తొక్కాలి. తొక్కినప్పుడల్లా బిళ్ళలు పళ్ళేన్ని తోమి తళతళలాడేట్టు చేస్తాయి. ఎలక్ట్రిక్ కారులో బ్రేకుకు అంత పని వుండదు.

ఎందుకని? డైనమో లైటున్న పాత సైకిలు మీరు తొక్కివుంటే, ఈ సంగతి మీ కాళ్ళకే తెలుసు. డైనమోను చక్రానికి ఆనించి దీపం వెలిగించగానే తొక్కటం బరువవుతుంది. దీపానికి కావలసిన విద్యుత్తు మీ కాళ్ళ బలంలోనుంచే రావాలి మరి! అయస్కాంతం దగ్గర తీగచుట్టను కదిలిస్తే విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు. ఎలక్ట్రిక్ కారు ఆ సూత్రాన్నే వాడుకుంటుంది. కాలు ఎత్తగానే మోటారు డైనమోగా మారిపోతుంది. కారు వేగాన్ని విద్యుత్తుగా మార్చి బాటరీలో దాచుతుంది. కారు తనంతట తానే నెమ్మదిస్తుంది. దొరవారిసత్రం స్టేషన్ వున్న గూడూరు-చెన్నై దారిలో విద్యుత్ రైళ్ళు నడుస్తాయి. కొత్తరకం విద్యుత్ ఇంజన్లు కూడా వేగం తగ్గించేటప్పుడు ఇలాగే కరెంటు పుట్టించి పై తీగలకు తిరిగి ఇస్తాయి.

ఇది ఎంతో మంచి పొదుపు. బిళ్ళలు అంతగా అరగవు, శక్తి అంతగా వృథా కాదు. అయితే పనిలేక కూర్చున్న పళ్ళేనికి తుప్పు తోడవుతుంది. పైపైన పట్టిన తుప్పయితే నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. లోతుగా తిన్నదయితే పళ్ళెం గుంటలు పడుతుంది. అప్పుడు బిళ్ళ పళ్ళేనికి పూర్తిగా ఆనదు. దారికి అడ్డంగా గేదె వచ్చినా, బంతికోసం పిల్లవాడు పరుగెత్తుకు వచ్చినా కారు వెంటనే ఆగాలి. ఆ క్షణంలో మోటారు ఒక్కటే చాలదు. బ్రేకు గట్టిగా పట్టితీరాలి. బాటరీ నిండుగా వున్నప్పుడు కూడా మోటారు పంపే విద్యుత్తుకు అందులో చోటుండదు. అప్పుడూ బ్రేకే దిక్కు.

చలిదేశాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో నూటికి సుమారు 89 ఎలక్ట్రిక్ కార్లే. అక్కడ చలికాలంలో బ్రేకు మధ్య తడి గడ్డకట్టి, చక్రాన్ని బిగించేస్తుంది. చల్లబడిన బాటరీ విద్యుత్తును సరిగా పుచ్చుకోదు. రోడ్డుమీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. పులికాటు తీరాన గాలి చేసే పనిని అక్కడ మనుషులే చేస్తారన్నమాట!

దీనికి ఇంజనీర్లు ఉపాయాలు ఆలోచించారు. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కంపెనీ తన ఐడీ.3 కారు వెనక చక్రాలకు పళ్ళెం బదులు మూతవున్న డ్రమ్ము బ్రేకులు పెట్టింది. మూత వుంది గనక వానా ఉప్పూ లోపలికి అంతగా పోవు. కొన్ని కార్లు వానలో బిళ్ళలను పళ్ళేనికి తేలికగా తాకించి, తడిని తామే తుడుచుకుంటాయి.

మీ ఇంట్లో ఎలక్ట్రిక్ కారుంటే పెద్దవాళ్ళకు ఈ మాటలు చెప్పండి. వానలో తిరిగినా, కారు కడిగినా, వెంటనే నిలిపివేయరాదు. వెనక ఎవరూ రాని చోట కాస్త దూరం నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే ఆ వేడికి తడి ఆరుతుంది. చాలా రోజులు నిలపవలసివస్తే చదునైన నేల, పైన కప్పు వున్న చోటు మంచిది. హాండ్ బ్రేకు వదిలి వుంచవచ్చా అన్నది కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. చక్రం బిగుసుకుంటే మొండిగా లాగించక మెకానిక్కును పిలవాలి.

బ్రేకును అరగకుండా దాచుకుంటే అది కలకాలం వుంటుందని అనుకుంటాం. కాని ఇనుము సంగతి వేరు. రోజూ కాస్త పని చెప్పిన బ్రేకే అవసరానికి ఆదుకుంటుంది.