కమ్మరి చేసిన మోటారు మళ్ళీ తిరుగుతోంది
పాత కరెంటు మోటార్లకు నకళ్ళు తయారుచేసే ఔత్సాహికులు

స్టార్టరు మీట నొక్కగానే గిర్రున తిరిగి బావిలోని నీటిని మడిలోకి ఎత్తిపోసే కరెంటు మోటారు లేని పల్లె ఇప్పుడు అరుదు. వైండింగు కాలినప్పుడు తప్ప దాని గురించి ఎవరూ ఆలోచించరు. అయితే ఈ మోటారుకు ముత్తాతల్లాంటి యంత్రాలను వెదికి, పాత బొమ్మలూ కొలతలూ చూసుకుంటూ అచ్చం అలాంటివే చేసి, తిప్పి చూసి ఆనందించేవారు ఐరోపాలో, అమెరికాలో ఉన్నారు. నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవారి కోవలోని వారే వీరూ. కాకపోతే నాణెం పెట్టెలో పడి ఉన్నా నాణెమే. మోటారు తిరగాలి. తిరగకపోతే అది ఉత్త ఇత్తడి బొమ్మ.

అసలు యంత్రాల్లో మిగిలినవి చాలావరకు మ్యూజియం అద్దాల వెనుకే ఉన్నాయి. అంత పాత తీగలోకి కరెంటు పంపి చూస్తామంటే సాధారణంగా ఎవరూ ఒప్పుకోరు. అందుకే నకళ్ళు. జర్మనీలోని కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాసంస్థలో అలా ఒక నకలు తయారైంది. దాని మాతృక 1834లో మోరిట్జ్ జాకోబీ చేసిన మోటారు. ఆ మోటారు పది పన్నెండు పౌన్ల బరువును సెకనుకు ఒక అడుగు చొప్పున పైకి లేపగలిగేది. 1838లో జాకోబీ ఇంతకంటే పెద్ద మోటారును పడవకు బిగించి, రష్యాలోని నీవా నదిలో డజను మంది దాకా కూర్చోబెట్టి నడిపించాడు.

ఈ నకళ్ళ ముచ్చట కొత్తదేమీ కాదు. 1821 సెప్టెంబరులో లండన్‌లో మైకేల్ ఫారడే పాదరసం పోసిన గిన్నెలో అయస్కాంతం నిలిపి, కరెంటు పారే తీగ దాని చుట్టూ తిరిగేలా చేశాడు. తరువాత జేబులో పట్టేంత చిన్న పరికరాలు చేయించి ఐరోపాలోని తోటి శాస్త్రజ్ఞులకు పంపాడు. మాటలు నమ్మనక్కరలేదు, తిప్పి చూసుకోండి అన్నట్టు! పాదరసం ఆవిరి ఒంటికి విషం కనుక నేడు చాలామంది గిన్నెలో ఉప్పునీరు పోసి సరిపెట్టుకుంటారు. తీగ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, అంతే. మరుసటి ఏడాది పీటర్ బార్లో నక్షత్రం ఆకారపు చక్రాన్ని గుర్రపునాడా అయస్కాంతం మధ్య తిప్పి చూపాడు. చేయడానికి సులువు కనుక దీన్ని ఇష్టపడేవారు ఎక్కువ.

కొలిమి వదిలి కరెంటు వెంట

ఫారడే కమ్మరి కొడుకు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బ్రాండన్ అనే ఊరివాడు థామస్ డావెన్‌పోర్ట్ అయితే స్వయంగా కమ్మరి. ఈ వర్గంవారు ఎక్కువగా చెప్పుకునే కథ ఆయనదే. ఇనుప ఖనిజాన్ని వేరుచేయడానికి ఒక కర్మాగారంలో విద్యుదయస్కాంతం వాడుతున్నారని విని చూడబోయాడు. చూసి ఉండబట్టలేక 1833లో ఆ అయస్కాంతాన్నే కొని తెచ్చుకున్నాడు. అందుకు తోడబుట్టినవాడి గుర్రాన్ని కూడా అమ్ముకోవలసి వచ్చింది. ఇంటికి తెచ్చి చుట్ట విప్పుతుంటే, ఎలా చుట్టారో భార్య ఎమిలీ చుట్టు చుట్టుకూ రాసిపెట్టింది. కొత్త అయస్కాంతం చుట్టడానికి తీగ మీద తొడుగు కావాలి. ఎనామిల్ తీగ ఆ రోజుల్లో ఎక్కడిది? ఎమిలీ తన పెళ్ళినాటి పట్టు గౌనును పీలికలు చేసి ఇచ్చిందని చెబుతారు. మోటారు రీవైండింగు చూసినవారికి ఆ పీలికల విలువ తెలుస్తుంది. తొడుగు లేకుంటే తీగ తీగకు తగిలి చుట్టంతా వృథా.

1834లో మోటారు తిరిగింది. 1835లో గుండ్రని పట్టాల మీద చిన్న బండిని దానితో నడిపించాడు. పేటెంటు కార్యాలయానికి పంపిన నమూనా 1836 డిసెంబరులో అక్కడి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్ళీ చేసి పంపితే 1837 ఫిబ్రవరి 25న పేటెంటు వచ్చింది. 1840లో మోటారుతో తిరిగే అచ్చుయంత్రం మీద పత్రిక కూడా అచ్చువేశాడు. డబ్బు మాత్రం రాలేదు, ఉన్నదీ పోయింది. 1851లో కన్నుమూశాడు.

లోపం మోటారులో కాదు, బ్యాటరీలో ఉంది. అప్పటికి కరెంటు సరఫరా లేదు. ఆమ్లంలో జింకు రేకులు కరిగిస్తేనే కరెంటు. అదే పని చేయడానికి బొగ్గుకంటే జింకుకు అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువని జేమ్స్ జౌల్ లెక్క తేల్చాడు. చార్లెస్ పేజ్ 1851లో వాషింగ్టన్ దగ్గర కరెంటు రైలింజను నడిపితే, దారిలోనే బ్యాటరీ మట్టి పాత్రలు పగిలిపోయాయి. అయినా పేజ్ మోటారంటే సేకరించేవారికి మోజు. తీగచుట్టలు ఇనుప కడ్డీని ముందుకూ వెనక్కూ లాగుతుంటే, ఆవిరి యంత్రంలాగానే టకటకమంటూ చక్రం తిరుగుతుంది.

తొలి కొలువు నీళ్ళు తోడటమే

1873లో వియన్నా ప్రదర్శనలో ఒక గ్రామ్ యంత్రం కరెంటు పుట్టించగా, తీగతో కలిపిన రెండో గ్రామ్ యంత్రం మోటారై పంపును నడిపింది. మన మోటారు చేసే పని దానికి మొదటినుంచీ అలవాటేనన్నమాట. 1889లో దోలివో దొబ్రోవోల్‌స్కీ చేసిన త్రీఫేజు మోటారే నేటి బావి మోటారుకు మూలం. దానిలో బొగ్గు బ్రష్షులు లేవు, నిప్పురవ్వలు లేవు.

డావెన్‌పోర్ట్ కిటుకు తెలుసుకోవాలంటే విదేశాలకు వెళ్ళనక్కరలేదు. రీవైండింగు షాపులో పారేసిన ఎనామిల్ తీగను టార్చిలైటు సెల్లు చుట్టూ పది పదిహేను చుట్లు చుట్టి తీయాలి. రెండు కొసలూ ఇరుపక్కలకూ తిన్నగా రావాలి. సెల్లు రెండు చివరలకూ రెండు పిన్నీసులు కట్టి, వాటి కన్నాల్లో ఆ కొసలు దూర్చి, కింద పాత స్పీకరు అయస్కాంతం పెట్టాలి. ఒక కొసకు ఎనామిల్ పూర్తిగా గీకాలి. రెండో కొసకు పైసగం మాత్రమే గీకాలి. వేలితో తడితే చుట్ట తిరుగుతుంది. సగం తిరిగాక కరెంటు ఆగిపోవాలి, మళ్ళీ అందాలి. కిటుకంతా అదే. రెండు కొసలూ పూర్తిగా గీకితే చుట్ట ఊగి ఆగిపోతుంది. టార్చి సెల్లుతో తప్ప ఇంటి కరెంటుతో మాత్రం దీన్ని పిల్లలు తాకించకూడదు.