ఖాతా ఎక్కడుంటుంది?

"ప్రోగ్రాము ఒకటే కద సార్, మరి ఏ ఖాతాతో పని చెయ్యాలో దానికెలా తెలుస్తాది?"

చింతపల్లిలో డిగ్రీ చదువుతూ, సెలవుల్లో లంబసింగిలో నా దగ్గర టెర్మినల్ వాడకం నేర్చుకుంటున్న కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. నా ల్యాప్‌టాప్‌లో ఏఐ కోడింగ్ సహాయకుడు ఒక్కటే ఉంటుంది. ఖాతాలు మాత్రం రెండు. ఒకటి కంపెనీ ఇచ్చింది, రెండోది నా డబ్బుతో నేను తీసుకున్నది. కంపెనీ కోడ్ నా సొంత ఖాతాలోకి పోకూడదు, నా సరదా ప్రయోగాల బిల్లు కంపెనీ మీద పడకూడదు. నల్లటి తెర మీద ఒక మాట టైపు చేస్తే మొదటి ఖాతా, ఇంకో మాట టైపు చేస్తే రెండోది. ఎడమ కిటికీలో ఒకటి, కుడి కిటికీలో ఇంకొకటి ఒకేసారి నడుస్తూ ఉంటాయి. కుర్రాడికి వింతగా తోచింది అదే. నాకూ అదే ఇష్టం.

ఈ కొండల్లో కమాండ్ లైన్ మీద మమకారం పెరగడానికి కారణం ఉంది. లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి వచ్చాయంటే మంచు చూడ్డానికి చెరువులవేనం దగ్గర కార్లు బారులు తీరతాయి. 2023లో మన్యంలో ఒకేసారి వంద 4జీ టవర్లు ప్రారంభించాక సిగ్నల్ చాలా మెరుగుపడినా, ఘాట్ మలుపుల్లో ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. వీడియో కాల్ తెగిపోయే చోట కూడా టెర్మినల్ పని సాగుతుంది, ఎందుకంటే అటూ ఇటూ పోయేవి అక్షరాలే. అసలు మోడల్ ఎక్కడో దూరాన డేటా సెంటర్‌లో ఉంటుంది. మన దగ్గరుండే ప్రోగ్రాము ప్రశ్నను మోసుకెళ్లి జవాబు తెస్తుంది. అలా వెళ్లినప్పుడు "నేను ఫలానా ఖాతా తరఫున వచ్చాను" అని రుజువు చూపించాలి. ఆ రుజువు ఎక్కడుంటుందన్నదే కుర్రాడి ప్రశ్న.

ప్రశ్న పాతదే. ఒకే కంప్యూటర్‌ను పదిమంది పంచుకోవాల్సి వచ్చిన రోజునే ఇది పుట్టింది. యంత్రం తన సమయాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్కరికీ అది తనదే అనిపించేలా పంచవచ్చని 1959లో జాన్ మెకార్తీ ఎమ్‌ఐటీలో ఒక మెమో రాశారు. (కృత్రిమ మేధ, టైమ్ షేరింగ్ అనే ఈ పంపకం, రెండూ ఆయన బుర్రలోనే పక్కపక్కన పెరిగాయని గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం.) ఆ ఆలోచనను 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బాటో బృందం ఎమ్‌ఐటీలోనే నడిపి చూపింది. ఆ వ్యవస్థ పేరు సీటీఎస్‌ఎస్. అందులో ప్రతి వాడకందారుకూ ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్, వారానికి ఇన్ని గంటలని ఒక పరిమితి.

పరిమితి పెట్టగానే దాన్ని దాటే దారి వెతికిన వాడూ వచ్చాడు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలు కేటాయించారు. ఆయన పనికి అవి చాలవు. ఏ ఫైలునైనా అచ్చువేయించుకోవడానికి పంచ్ కార్డు మీద అర్జీ పెట్టే వీలుండేది. ఆయన పాస్‌వర్డ్‌ల ఫైలుకే అర్జీ పెట్టి, అచ్చయిన కాగితాలు తెచ్చుకుని, ఇతరుల ఖాతాల్లో సమయం వాడుకున్నారు. కోటా అయిపోగానే ఇంకో ఖాతాలోకి దూకడం ఈనాటి ఏఐ చందాదారుల దగ్గర మొదలైంది కాదన్నమాట. ఇందులో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆఫీసు పని ఒక ఖాతాలో, సొంత పని ఇంకో ఖాతాలో పెట్టుకోవడం శుభ్రమైన పద్ధతి. పరిమితి దాటడానికే ఒక మనిషి నాలుగు చందాలు కట్టి తిప్పడం ఆ సేవల నిబంధనలను ఎగ్గొట్టడమే. నేను ఇక్కడ రాస్తున్నది మొదటి దాని గురించి.

సీటీఎస్‌ఎస్‌లోనే జరిగిన ఒక ప్రమాదం ఈ కథకు ఆయువుపట్టు. 1960ల నడుమ ఒక మధ్యాహ్నం, లాగిన్ అయిన ప్రతివాళ్ల టెర్మినల్ మీదా ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లూ బారుగా అచ్చవడం మొదలైంది. దొంగ ఎవరూ లేరు. అక్కడి ఎడిటర్ ప్రోగ్రాము తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక డైరెక్టరీలో ఒక సమయంలో ఒక్కరే పనిచేస్తారన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాము అది. ఆ రోజు నిర్వాహకుల డైరెక్టరీలో ఇద్దరు ఒకేసారి కూర్చున్నారు. ఒకరు రోజు సందేశాన్ని దిద్దుతున్నారు, ఇంకొకరు పాస్‌వర్డ్‌ల ఫైలును. తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. కోర్బాటో 1990 ట్యూరింగ్ పురస్కారం సందర్భంగా చేసిన ప్రసంగంలో ఈ సంగతి స్వయంగా చెప్పారు.

ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌కు వద్దాం. ఏఐ సహాయకుడిలో లాగిన్ అయ్యాక ఆ రుజువు మామూలుగా ఒక చిన్న ఫైలులో కూర్చుంటుంది. కోడెక్స్ అయితే హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే 'కోడెక్స్' ఫోల్డరులో, క్లాడ్ కోడ్ అయితే లినక్స్ మీద అలాంటిదే 'క్లాడ్' ఫోల్డరులో. మ్యాక్ మీద క్లాడ్ కోడ్ దాన్ని కీచెయిన్‌లో దాస్తుంది. ఖాతా అంటే మన యంత్రం వరకు ఆ నాలుగు వరుసల అక్షరాలే. దాన్ని మార్చడానికి రెండు బళ్లు ఉన్నాయి, వాటి మధ్య పోటీ ఈనాటికీ తెగలేదు.

మొదటి బడి వాళ్లు మార్పిడి చేస్తారు. ఆఫీసు రుజువును ఒక పేరుతో, సొంత రుజువును ఇంకో పేరుతో పక్కన దాచి, కావలసినప్పుడు కావలసినదాన్ని అసలు స్థానంలోకి కాపీ చేస్తారు. తేలిక, ఏ ప్రోగ్రాముతోనైనా పనిచేస్తుంది. రెండో బడి వాళ్లు దేన్నీ కదపరు. ఖాతాకో డైరెక్టరీ పెట్టి, ఏ డైరెక్టరీ చూడాలో ప్రోగ్రాముకు చెబుతారు. మా దగ్గర కాఫీ కోతల కాలంలో రెండిళ్ల గింజలను ఒకే కల్లంలో వంతులేసుకుని ఆరబెట్టడానికీ, ఎవరి పరదా మీద వాళ్లు ఆరబెట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది. నేను రెండో బడి మనిషిని. సీటీఎస్‌ఎస్ ప్రమాదం చదివినవాడు మొదటి బడిలో ఉండలేడు. ఒకే పేరు, ఇద్దరు వాడకందార్లు అన్న అమరిక అచ్చంగా అదే.

మార్పిడికి ఇంకో గండం ఉంది. లాగిన్ రుజువులో రెండు టోకెన్లు ఉంటాయి. ఒకటి కొద్ది కాలమే చెల్లుతుంది, ప్రతి ప్రశ్నతోనూ వెళ్తుంది. రెండోది, మొదటిది చెల్లకుండా పోయినప్పుడు కొత్తది తెచ్చుకోవడానికి. చాలా సేవలు ఈ రెండోదాన్ని కూడా వాడిన ప్రతిసారీ మారుస్తాయి. పాతది రద్దవుతుంది, కొత్తది చేతికిస్తారు. దొంగిలించిన టోకెన్ ఎక్కువ కాలం పనికిరాకుండా చేసే మంచి ఉపాయం ఇది. కానీ మార్పిడి బడి వాళ్లు పక్కన దాచిన నకలు ఈలోగా చచ్చిపోతుంది. వారం తర్వాత దాన్ని తీసి స్థానంలో పెడితే సర్వరు గుర్తుపట్టదు, మళ్లీ లాగిన్ చేయాల్సిందే. ఘాట్‌లో ఇంకో రకంగానూ జరుగుతుంది. సర్వరు పాతదాన్ని రద్దుచేసి కొత్తదాన్ని పంపిన క్షణంలోనే సిగ్నల్ పోతే, మన చేతిలో చెల్లనిది మిగులుతుంది, చెల్లేది దారిలో పోతుంది. దీనికి మాత్రం రెండు బళ్ల దగ్గరా మందు లేదు. సర్వరే కాసేపు పాతదాన్ని కూడా ఒప్పుకోవాలి.

రెండో బడి ఆధారపడే యంత్రాంగం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. దీని దగ్గర కాస్త ఆగాలి. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతిలో కొత్త ప్రోగ్రాము మొదలు కావాలంటే నడుస్తున్న ప్రోగ్రాము ముందు తన నకలు తానే తీసుకోవాలి. దాన్ని ఫోర్క్ అంటారు. తర్వాత ఎగ్జెక్ అనే పిలుపు ఆ నకలులోని కోడ్‌ను తీసేసి కొత్త ప్రోగ్రామును అక్కడ కూర్చోబెడుతుంది. 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌లో, స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్‌తో (మనం టైపు చేసిన ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము) పాటు, ఎగ్జెక్‌కు ఎన్విరాన్‌మెంట్ అనే జాబితా తోడైంది. జాబితాలో ప్రతి వరుసా 'పేరు=విలువ' రూపంలో ఉంటుంది. హోమ్ అంటే ఫలానా డైరెక్టరీ, పాత్ అంటే ఫలానా చోట్లు, ఇలా. కోడ్ మారినా జాబితా కొత్త ప్రోగ్రాము చేతికి వస్తుంది.

ఇందులో నన్ను ముగ్ధుణ్ని చేసేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ చూపే నిర్లిప్తత. ఆ వరుసల అర్థం దానికి తెలియదు, తెలుసుకోదు. హోమ్ అన్న మాటకు దాని దృష్టిలో ఏ విలువా లేదు. ఇచ్చింది ఇచ్చినట్టు పిల్ల ప్రోగ్రాముకు నకలు తీసి ఇస్తుంది, అంతే. అర్థం చెప్పుకునేది ప్రోగ్రాములే. అందుకే దాదాపు యాభై ఏళ్ల కిందట ఎవరూ ఊహించని పేర్లు, కోడెక్స్ హోమ్, క్లాడ్ కాన్ఫిగ్ డిర్ వంటివి, ఈరోజు అదే జాబితాలో చేరి కొత్త పని చేయగలుగుతున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

నకలు కిందికే వెళ్తుంది, పైకి రాదు. పిల్ల తన జాబితాలో ఏం మార్చుకున్నా తల్లికి తెలియదు. మా కుర్రాడు ఖాతా మార్చే స్క్రిప్టు ఒకటి రాసి నడిపాడు. స్క్రిప్టు నడిచింది, ఏ తప్పూ చూపలేదు, ఖాతా మాత్రం మారలేదు. ఎందుకంటే స్క్రిప్టు కూడా షెల్‌కు పిల్లే. అది తన నకలులో విలువ మార్చుకుని, పని ముగించి, ఆ నకలుతో సహా మాయమైంది. షెల్ జాబితా చెక్కుచెదరలేదు. అందుకే ఈ జాబితా ద్వారా ఖాతాలు మార్చే పరికరాలు షెల్ లోపలే నడిచే ఫంక్షన్‌గానో, సోర్స్ ఆదేశంతోనో వస్తాయి. అంతకన్నా అందమైన దారి, షెల్ జాబితాను అసలు ముట్టుకోకపోవడం. ఆదేశానికి ముందు అదే వరుసలో 'పేరు=విలువ' రాస్తే ఆ విలువ ఆ ఒక్క ఆదేశానికే వర్తిస్తుంది. 'ఆఫీస్', 'సొంతం' అని రెండు చిన్న ఫంక్షన్లు పెట్టుకుంటే చాలు. రెండు కిటికీల్లో రెండు ఖాతాలు ఒకేసారి నడిచే వింత ఇంతే. రెండు ప్రోగ్రాములు, రెండు జాబితాలు, ఒకదాన్నొకటి తాకవు.

జాబితాలో డైరెక్టరీ పేరే పెట్టాలి కానీ, లాగిన్‌కు బదులు పనిచేసే రహస్య కీని (ఏపీఐ కీ) నేరుగా పెట్టకూడదని చెప్పేది కూడా నకలు కిందికి వెళ్తుంది కాబట్టే. కీ పెడితే అక్కడి నుంచి పుట్టే ప్రతి పిల్ల ప్రోగ్రాముకూ నకలు అందుతుంది. పైగా కొన్ని సహాయక ప్రోగ్రాములు ఏపీఐ కీ కనబడితే చందా లాగిన్‌ను పక్కనపెట్టి కీ మీదే బిల్లు వేస్తాయి.

ఖాతాలను ఇలా వేరుచేసే పద్ధతుల చరిత్ర ఈ మధ్య వేగంగా సాగింది. 2017లో కోడ్ మార్పులను భద్రపరిచే గిట్, డైరెక్టరీని బట్టి పేరు, ఈమెయిల్ మార్చుకోవడం నేర్చింది. డైరెన్వ్ లాంటి పరికరాలు, ఫోల్డరులోకి అడుగుపెట్టగానే జాబితా మార్చే పని అందుకున్నాయి. 2023 చివర గిట్‌హబ్ తన కమాండ్ లైన్ పరికరంలో ఖాతా మార్చే ఆదేశం పెట్టింది. 2025లో క్లాడ్ కోడ్, కోడెక్స్, జెమినీ ఒకదాని వెంట ఒకటి టెర్మినల్‌లోకి దిగాయి. బ్రౌజరు లేని యంత్రం మీద లాగిన్ కావడానికి ఫోనులో కోడ్ కొట్టే పద్ధతికి 2019లోనే ప్రమాణం ఏర్పడింది. సిగ్నల్ ఫోనుకు మాత్రమే అందే చోట దాని విలువ మాకు బాగా తెలుసు.

వేరువేరు డైరెక్టరీలతో ఒక చిక్కు మిగులుతుంది. ఖాతాలు విడిపోవాలి కానీ నా అలవాట్లు, సూచనల ఫైలు, సత్వర ఆదేశాలు రెండు చోట్లా ఒకటే ఉండాలి. దానికి సింబాలిక్ లింకు ఉంది. యూనిక్స్‌లో 1983 నాటి 4.2 బీఎస్‌డీతో స్థిరపడిన సౌకర్యం. అసలు ఫైలు ఒక చోట, రెండో చోట దానికి దారి చూపే పేరు. అయితే జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు సెట్టింగులను భద్రపరిచేటప్పుడు పాత ఫైలు మీద రాయవు. కొత్త ఫైలు పూర్తిగా రాసి, ఒక్క దెబ్బతో దానికి పాత పేరు పెడతాయి, నడుమ కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగలకుండా. ఆ పేరు మార్పిడిలో లింకు చెరిగిపోయి మామూలు ఫైలు వచ్చి కూర్చుంటుంది, రెండు ఖాతాల సెట్టింగులు చడీచప్పుడు లేకుండా విడిపోతాయి. అందుకని నేను ఫైలుకు లింకు పెట్టను. ఉమ్మడి వస్తువులున్న లోపలి ఫోల్డరు మొత్తానికి పెడతాను. లోపల ఏ ఫైలు ఎలా మారినా ఫోల్డరు పేరు మారదు, లింకు నిలబడుతుంది. రుజువు ఫైలు మాత్రం ఏ లింకూ లేకుండా ఎవరి డైరెక్టరీలో వాళ్లకే ఉంటుంది.