పాత గోపురము – క్రొత్త మేడలు

విజయవాడవద్ద కృష్ణానదిని దాటి గుంటూరు మార్గమున దక్షిణముగా పోవువారికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున మంగళగిరి కనబడును. ఊరికంటె ముందు కొండ కనబడును. కొండతోపాటు దాని పాదమున నిలిచిన గాలిగోపురము కనబడును. పదునొకండు అంతస్తులతో 153 అడుగుల ఎత్తున లేచిన ఆ గోపురమే రెండువందల ఏండ్లుగా ఆ ఊరికి గురుతు. పొలమున పనిచేయు రైతును, తిరునాళ్లకు బండి కట్టుకొని వచ్చు యాత్రికుడును దానిని చూచియే దారి తెలిసికొనెడివారు.

నేడు ఆ గోపురము ఒంటరిగా లేదు. జాతీయ రహదారి పొడవునను అనేక అంతస్తుల మేడలు లేచుచున్నవి. వానిలో కొన్ని కార్యాలయములు; కొన్ని నివాసగృహములు. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట రాజధాని ప్రాంతము ఈ దిక్కునకు వచ్చినది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఇచ్చట వెలసినది. 2021లో మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘములు కలిసి ఒక నగరపాలక సంస్థగా ఏర్పడినవి. ఉద్యోగమునకు వచ్చినవారికి ఇల్లు కావలెను. వారు పనిచేయుటకు చోటు కావలెను.

ఊరు పెరుగుట మేలే. కాని ఊరు పెరిగినప్పుడెల్ల ఒక చిక్కుప్రశ్న పుట్టును. ఊరి నడిబొడ్డున నున్న పాత కట్టడమును ఏమి చేయవలెను? కూలద్రోసి ఆ చోట పెద్దమేడ లేపవలెనా? ముట్టక విడువవలెనా? లేక రెండును కలిసి యుండు ఉపాయము కలదా?

ఈ ప్రశ్న కృష్ణాతీరమునకు క్రొత్తది కాదు. గాలిగోపురమును కట్టించిన రాజు చరిత్రలోనే దీనికి రెండు విధములైన సమాధానములు కలవు.

ఆ రాజు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. 1807 – 1809 సంవత్సరముల నడుమ ఆయన మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు ఈ గోపురమును నిర్మింపజేసెను. అప్పటికే ఆ ఆలయము ప్రాచీనమైనది. రాజు పాతగుడిని పెరికివేయలేదు. దానిని నిలిపి, దాని ముంగిట క్రొత్త గోపురమును నిలిపెను. పాతదానికి క్రొత్తది శోభ తెచ్చినది. ఇది మొదటి సమాధానము.

రెండవది అంతకు కొన్నియేండ్ల ముందటిది. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఆ రాజే తన రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చి అచ్చట క్రొత్త పట్టణమును కట్టింపసాగెను. కట్టడములకు రాయి కావలసివచ్చెను. సమీపమున దీపాలదిన్నె యను ఒక మట్టిదిబ్బ యుండెను. పనివారు దానిని త్రవ్వగా ఇటుకలును, బొమ్మలు చెక్కిన పలకరాళ్లును బయటపడెను. రాళ్లు చేతికందినవని వానిని పనులకు వాడుకొనిరి. ఆ దిబ్బ నిజమునకు రెండువేల ఏండ్లనాటి మహాస్తూపము. 1797లో కర్నలు కాలిన్ మెకంజీ ఆ వార్త విని వచ్చి చూచెను. 1816లో చిత్రకారులతో ఆయన మరల వచ్చునప్పటికి దిబ్బ నడిమిభాగము చెరువుగా త్రవ్వబడి యుండెను. మిగిలిన శిల్పములకు ఆయన బొమ్మలు గీయించెను. తరువాత వచ్చిన త్రవ్వకములలో దొరకిన పలకలు మద్రాసునకు కొన్ని, లండనునకు కొన్ని తరలిపోయెను. నేడు ఆ స్తూపము పూర్వమెట్లుండెడిదో తెలిసికొనగోరువారు అమరావతిలో దాని పునాదిని, చెన్నై, లండను నగరముల ప్రదర్శనశాలలలో దాని అంగములను చూడవలసి యున్నది.

రాజు దుర్మార్గుడై ఈ పని చేయలేదు. దిబ్బలోపల నున్నది ఏమో ఆనాడు ఎవరికిని తెలియదు. తెలియక చేసిన పనియైనను పోయినది మరలి రాలేదు. పాతదానిని పడగొట్టుటకు ముందు అది ఏమో విచారింపవలెనని ఈ కథ బోధించుచున్నది.

నేటివారికి ఆ తెలియమి లేదు. అయినను పాత కట్టడములు పోవుచునే యున్నవి. దీనికి ముఖ్యకారణము నేల వెల. ఒక వీథిలో రెండంతస్తుల పాతమేడ యున్నదనుకొందము. అంతస్తునకు నాలుగు వాటాలు చొప్పున దానిలో ఎనిమిది కుటుంబములు ఉండవచ్చును. ఆ చోటనే పది అంతస్తులు కట్టుటకు అనుమతి దొరకినచో నలుబది కుటుంబములు ఉండవచ్చును. అనగా పాతమేడను నిలుపుకొన్న యజమాని ముప్పదిరెండు వాటాల రాబడిని వదులుకొనుచున్నాడన్నమాట. పైగా పాతమేడ వానకు కారును. దాని గోడలలో రావిమొక్కలు మొలచును. దూలములకు చెదలు పట్టును. మరమ్మతుకు సున్నము, మంచి కలప, నేర్పరులైన తాపీపనివారు కావలెను. కావున యజమానిని దురాశాపరుడని నిందించిన చాలదు. ఊరంతయు అనుభవించు శోభకు అతడొక్కడే మూల్యము చెల్లింపవలెననుట న్యాయము కాదు.

కాని పాతమేడ పక్షమున చెప్పదగిన మాటలును కలవు. అది ఒక తరమువారి పనితనమునకు సాక్షి. అప్పటి ఇటుకను, గచ్చును, నగిషీని ఈనాడు అట్లే చేయుట కష్టము. పటిష్ఠమైన కట్టడమును కూలద్రోసినచో దానిలో వెచ్చించిన ఇటుక, ఇనుము, కలప, శ్రమ అన్నియు చెత్తకుప్ప యగును. అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. క్రొత్తమేడను రేపును కట్టవచ్చును. పాతమేడను రేపు కట్టలేము.

పాతదానిని ముట్టకుండ దాని ప్రక్కనే ఉన్నత భవనము కట్టినంతమాత్రమున ఆపద తప్పదు. ఎత్తైన మేడకు లోతైన పునాది కావలెను. వాహనములను నిలుపుటకు భూమిలోపల గదులు త్రవ్వుదురు. గొయ్యి త్రవ్వునప్పుడు ఊరిన నీటిని యంత్రములతో తోడివేయుదురు. అప్పుడు చుట్టుప్రక్కల భూగర్భజలము క్రిందికి దిగును. నీరు తగ్గిన మట్టి కుంగును. గుంటూరు సీమలో విస్తారముగ నున్న నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారు స్వభావము గలది. నేల ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుంగినచో దానిపై నిలిచిన పాతగోడ పగులును. ఇనుపకడ్డీలు గల కాంక్రీటు కొంత వంగి ఓర్చుకొనును. ఇటుకయు సున్నమును అట్లు వంగజాలవు. పునాది స్తంభములను భూమిలోనికి దిగగొట్టునప్పటి అదురు సైతము పాతగోడలకు చేటు.

మంగళగిరి గోపురమును గూర్చియే ఒక జనశ్రుతి కలదు. కట్టడము ముగిసిన పిమ్మట గోపురము ఒకవైపు ఒరిగినదట. కంచినుండి వచ్చిన శిల్పులు చూచి, ఎదుటివైపున కోనేరు త్రవ్వుడని చెప్పిరట. అట్లు చేయగా గోపురము చక్కబడినదని పెద్దలు చెప్పుదురు. ఇది కథయే యైనను దీనిలోని యుక్తి శాస్త్రమునకు దూరము కాదు. ఇటలీ దేశమున పీసా నగరపు వాలుగోపురమును కాపాడుటకు ఇంజనీర్లు 1999 మొదలు 2001 వరకు అది వాలినవైపునకు ఎదుటివైపున పునాది క్రింది మట్టిని కొంచెము కొంచెముగా తీసిరి. ఆ వైపు నేల మెల్లగా దిగి గోపురపు వాలు కొంత తగ్గెను. మట్టిని తెలివితో తీసిన గోపురము నిలుచును. తెలివి లేక తీసిన కూలును.

పగులును లక్ష్యపెట్టకున్న ఏమగునో శ్రీకాళహస్తి చూపినది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు నిర్మింపజేసిన అచ్చటి రాజగోపురము బీటలు విచ్చి 2010 మే 26వ తేదీన కూలిపోయెను. దాని స్థానమున మరల కట్టిన గోపురము 2017లో సిద్ధమైనది. క్రొత్తది పాతదానివలెనే యుండవచ్చును. కాని అయిదువందల ఏండ్లు వానకు ఎండకు నిలిచిన ఆ రాళ్లవరుస ఇక లేదు.

ఇట్టి నష్టములను నివారించుటకు చట్టములు కలవు. కేంద్ర ప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్త నిర్మాణము కూడదు. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి పొందియే కట్టవలెను. మంగళగిరికి చేరువనున్న ఉండవల్లి గుహలు ఇట్టి రక్షణ గలవి. కాని దేశములోని పాతమేడలలో అధికభాగమునకు ఈ రక్షణ లేదు. నూరేండ్ల సత్రము, పాత పాఠశాల, మండువా ఇల్లు, వీథి మంటపము – వీనిని కాపాడవలసినది స్థానిక నియమములును, ప్రజల శ్రద్ధయును.

హైదరాబాదులోని ఎర్రమంజిల్ సౌధము కథ దీనికి తార్కాణము. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ సౌధమును తొలగించి ఆ చోట క్రొత్త శాసనసభా భవనమును కట్టవలెనని 2019 జూను నెలలో తెలంగాణ ప్రభుత్వము నిశ్చయించెను. పౌరులు న్యాయస్థానమునకు పోయిరి. నగరాభివృద్ధి నియమములలో వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందిన సౌధమును అట్లు తొలగింపరాదని ఉన్నత న్యాయస్థానము ఆ సంవత్సరము సెప్టెంబరులో తీర్పు చెప్పి ఆ నిశ్చయమును కొట్టివేసెను.

యజమానికి నష్టము లేకుండ పాతదానిని కాపాడు ఉపాయము అమెరికాలో కనబడును. న్యూయార్కు నగరమున పెన్సిల్వేనియా రైలుస్టేషను అను గొప్ప కట్టడమును 1963లో కూల్చసాగిరి. నగరవాసులు నొచ్చుకొనిరి. 1965లో చారిత్రక కట్టడముల రక్షణకు నగరము శాసనము చేసికొనెను. 1968లో గ్రాండ్ సెంట్రల్ అను మరియొక స్టేషనుపై 55 అంతస్తుల కార్యాలయ భవనమును లేపవలెనని దాని యజమానులు తలపెట్టగా నగరము ఒప్పుకొనలేదు. వివాదము అత్యున్నత న్యాయస్థానమునకు పోయెను. 1978లో తీర్పు నగరమునకు అనుకూలముగ వచ్చెను. అయితే యజమానులు వట్టిచేతులతో మిగులలేదు. తమ స్థలముపై కట్టుకొనదగిన అంతస్తుల హక్కును సమీపమునందలి ఇతర స్థలములకు మార్చుకొను వీలు వారికి కలదు. దీనిని అభివృద్ధి హక్కుల బదిలీ యందురు. మన రాష్ట్రమునను రోడ్లు వెడల్పు చేయునప్పుడు స్థలము కోల్పోయినవారికి ఇట్టి హక్కుపత్రములు ఇచ్చుచున్నారు. ఈ పద్ధతిని జాగ్రత్తగా వాడినచో పాతమేడ యజమాని తన మేడను నిలుపుకొనియే దాని విలువను పొందగలడు.

పాతదియు క్రొత్తదియు ఒకే ఆవరణలో నిలుచుటకు దృష్టాంతము విజయవాడలోనే యున్నది. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవమునకు గురుతుగా 1887లో కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్టు సూయలు ఒక భవనమునకు శంకుస్థాపన చేసెను. పదేండ్లకు ముందు అమరావతి స్తూపమును త్రవ్వి పరిశీలించినవాడును ఈయనయే. ఆ భవనము కాలక్రమమున పురావస్తు ప్రదర్శనశాల యయ్యెను. దానికి చోటు చాలనప్పుడు పాతభవనమును పడగొట్టలేదు. దానిని బాగుచేసి, ఆ ఆవరణలోనే క్రొత్త భవనమును చేర్చిరి. 2020 అక్టోబరు 1వ తేదీన అది బాపు మ్యూజియము అను పేరుతో మరల తెరువబడినది.

వారసత్వమనగా రాళ్లును గోడలును మాత్రమే కాదు. మంగళగిరి చేనేత నిజాము అంచు చీరలకు ప్రసిద్ధి. ఆ చీరలు నేయునది గుంటమగ్గము. నేతగాడు నేలమట్టమున కూర్చుండి, గుంటలోనికి కాళ్లు జారవిడిచి పలకలు త్రొక్కుచు నేయును. గుంటలోని చల్లదనము నూలు తెగకుండ కాపాడునని నేతగాండ్ర అనుభవము. నేలయిల్లు పోయి ఆ కుటుంబము అయిదవ అంతస్తునకు చేరినచో గుంట ఎచ్చట త్రవ్వును? అట్లని పాతయిల్లు అట్లే యుండవలెననుటయు తగదు. వానకాలమున గుంటలోనికి నీరూరి వారములకొలది పని ఆగిపోవును. నేతగానికి మంచి యిల్లు కావలెను; అందు మగ్గమునకు పొడినేలయు కావలెను. మేడ చిత్రమును గీయు ఇంజనీరు మొదట ఈ నేతగానిని అడిగినచో క్రింది అంతస్తు మగ్గములకు విడిచి, పై అంతస్తులు నివాసములకు ఏర్పరుపవచ్చును. అడుగకున్న మేడ లేచును, మగ్గము మూలబడును.

కావున ఊరినడుమ ఒక పాత కట్టడమున్న చోట గడ్డపార పట్టుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కట్టడము ఏనాటిది? దీని ప్రత్యేకత ఏమి? దీనిని బాగుచేసి వేరొక పనికి వాడవచ్చునా? క్రొత్త పునాది దీని పునాదిని చెరుచునా? దీనిని కాపాడు వెచ్చమును ఎవరెవరు పంచుకొందురు? ఇచ్చట బ్రదుకుచున్నవారు ఎచ్చటికి పోవుదురు? వీనికి సమాధానములు వెదకినచో కొన్ని పాతమేడలు పోవలసినవే యని తేలవచ్చును. శిథిలమై ప్రాణాపాయము కలిగించు గోడను గౌరవముతో నిలుపవలసిన పని లేదు. కాని విచారించి తీయుట వేరు. విచారింపక తీయుట వేరు.

వేంకటాద్రినాయుడు కట్టించిన గోపురము నేటికిని మంగళగిరిలో నిలిచియున్నది. ఆయన పనివారు త్రవ్విన స్తూపము అమరావతిలో పునాదిగా మాత్రము మిగిలినది. రెండింటి నడుమ దూరము ఒక్కపూట ప్రయాణము. కృష్ణాతీరమున నేడు లేచుచున్న నగరము ఈ రెండింటిలో దేనిని తలపించునో నిర్ణయింపవలసినది నేటితరమే.